పసుపుగడప అమ్మవారి గుడిలో రాయి చీలిన కథ

పూర్వం చిట్టేటి సీమను పోతినాయకుడనే సామంతుడు పాలిస్తుండగా, యుద్ధంలో భర్తను కోల్పోయి పుట్టింటికి చేరిన అతని అక్క కొమ్మసాని ఏటిగట్టున పసుపుతోటలు వేయించి, ఆ రాబడితో ఏళ్ళ తరబడి పాటుపడి, కొండవాలున గౌరీదేవికి శిలామయమైన ఆలయం కట్టించింది.

ప్రతిష్ఠ జరిగిన ఉదయాన, అమ్మవారి ముఖానికి తొలి పసుపు తన చేతులతో అద్దాలని పసుపుకొమ్ములూ అక్షతలూ పళ్ళెంలో పెట్టుకొని ఆమె గర్భాలయం గడప దగ్గరకు రాగా, ప్రధానార్చకుడైన సోమశివాచార్యుడు చేయి అడ్డుపెట్టాడు.

"ఆగండమ్మా. భర్త లేని స్త్రీ చేతి పసుపు దేవికి అమంగళం. పళ్ళెం మీ మరదలుగారికి ఇవ్వండి."

కొమ్మసాని తమ్ముడి వంక చూసింది. పోతినాయకుడు తల దించుకున్నాడు. అర్చకుని మాటకన్నా ఆ దించుకున్న తలే ఆమె కడుపు మండించింది.

"నోరు పెగలదేం తమ్ముడూ? గుడి కట్టేటప్పుడు మంగళమైన చేయి, పసుపు అద్దేటప్పుడు అమంగళమైందా?" అని, ఆచార్యుని వైపు తిరిగి, "స్వామీ, వరిపూతలో పుప్పొడి తాకితేనే గింజ పాలు పోసుకుంటుంది. పసుపుకు ఆ జత ఎక్కడిది? పూస్తుందేగాని విత్తు పట్టదు. తల్లికొమ్ము ఒంటరిగా మట్టిలోనే పిల్లల్ని కంటుంది. ఆ రెంటినీ కలిపి అక్షతలంటూ దేవి శిరస్సున చల్లుతున్నారే! జత లేనిది అమంగళమైతే, ముందు ఈ సీమలోని పసుపంతా ఏట్లో పారబోయించండి!" అన్నది.

"ఆచారం తల్లీ" అన్నాడే తప్ప ఆచార్యుడు చేయి తీయలేదు.

ఆమె గడపరాతి కిందున్న సందులో ఒక తల్లికొమ్మును పాతి, "అమ్మా, నన్ను దాటనివ్వరట. కావాలంటే నువ్వే తీసుకో" అని నీళ్ళు పోసి వెళ్ళిపోయింది.

ఆనాటినుండి ఎవరు అద్దినా పసుపు ఆ విగ్రహానికి అంటక పొడిపొడిగా రాలిపోసాగింది. తొలకరి కురిసిన మరునాడు గడపరాయి పెళ్ళున నడిమికి చీలింది. పరుగున వచ్చినవారికి, నేలకిందుగా పాకిన పిల్లకొమ్ములు దేవి పీఠం చుట్టూ ఆకులు విప్పుకొని కనిపించాయి; ఎవరూ పసుపు అద్దకుండానే అమ్మవారి ముఖం పచ్చగా మెరుస్తోంది.

పోతినాయకుడు అక్క ఇంటికి పోయి పాదాలు పట్టుకున్నాడు. "తప్పైందక్కా, క్షమించు."

"నాకొక్కదానికి చెబితే సరిపోదు. గడప బయట నిలబెట్టిన ప్రతి ఆడకూతురికీ చెప్పు" అన్నది కొమ్మసాని. ఊరూరా దండోరా మోగేదాకా ఆమె గుడికి కదలలేదు.

అప్పటినుండి ఆ ఊరు పసుపుగడప అయింది. చీలిన రాతిని ఇప్పటికీ మార్చలేదు. ఏటా ఆషాఢంలో భర్తలను పోగొట్టుకున్న స్త్రీలే ముందుగా లోపలికి వెళ్ళి అమ్మవారికి తొలి పసుపు అద్దుతారు. వారు తీరిగ్గా బయటికి వచ్చేవరకూ అర్చకుడు గడప బయటే చేతులు కట్టుకొని నిలబడి ఉంటాడు.