మీసం చిక్కిన సొరపాదు

పాలవంక రాజు గజపాలుడికి ఏ బుద్ధి ఎప్పుడు పుడుతుందో ఆయనకే తెలీదు. ఒకనాడు మేడ మీద నుంచి ఊరుమ్మడి తోట చూసి, "ఆ పాకలేమిటి? ఒకటి అటు వంకర, ఒకటి ఇటు వంకర! నా కంటికి ఇంపుగా లేవు," అన్నాడు.

ముప్పై మళ్ళు, మడికో తాటాకు పాక. పారలూ గంపలూ అందులోనే, విత్తనాల కుండలూ అందులోనే, మిట్టమధ్యాహ్నం నడుం వాల్చేదీ అందులోనే.

ఆస్థాన స్థపతి దండపాణి మీసం దువ్వుకుంటూ లేచాడు. ఆ మీసం కొసలు చెవులు దాటేవి. పొద్దున్నే దానికి ఆముదం పట్టించందే గడప దాటేవాడు కాదు. ఇలాంటి మనుషుల్ని నేనూ చూశాను. పేర్లు చెప్పను, మర్చిపోనూ లేదు.

"అన్నీ పీకించండి ప్రభూ. తోట చివర ఒక్క రాతి మంటపం కడతాను. అందరూ అందులోనే పడుంటారు."

"ఎప్పుడు పీకుతావు?"

"నాబోటివాడు చెయ్యి వెయ్యాలంటే ముహూర్తం కుదరాలి కదా! అరవయ్యో నాడు దివ్యంగా ఉంది."

రాజు సరేనన్నాడు.

తోటలో గోల గోల. రాజుగారికి గొడుగు పట్టే ఓబులేశు అటు వెళితే, లచ్చుమమ్మ అనే ముసలామె అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరే నాయనా, రాజు నెత్తిన నీడ పడతావే, మా నెత్తిన నీడ పీకేస్తుంటే ఊరుకుంటావా? ఆ చివర మంటపంలో కూర్చుంటే ఈ చివర నా మడి కోతులకి అప్పగించినట్టే గదరా!"

ఓబులేశు ఆమె కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు సొరగింజలు తీశాడు.

"అవ్వా, పాకకి మూడు గింజలు పెట్టించు. రెండు పూటలా నీళ్ళు పోయించు. తీగ కప్పు మీదకి ఎక్కించు. ఏడుపు తర్వాత చూద్దాం."

అరవయ్యో నాడు రాజు వచ్చాడు. దండపాణి కొత్త పంచె కట్టి, మీసం నిగనిగలాడిస్తూ, పలుగులు పట్టిన మందితో వచ్చాడు. తీరా చూస్తే పాకలే కనబడవు! కప్పుల నిండా సొరపాదులు, తెల్లపూలు, చూరు పట్టుకుని ఊగే లేత కాయలు.

"పీకండ్రా!" అన్నాడు దండపాణి.

"ఆగండి," అన్నాడు ఓబులేశు. "ప్రభూ, నిరుడు స్థపతిగారి పెరట్లో బీరపాదు ఎవరో తెంపితే, ఆయన సభలో పడి పొర్లాడారు. తమరు దండోరా వేయించారు. గుర్తుందా?"

రాజుకి గుర్తొచ్చింది. "కాపు మీదున్న పాదు తెంపినవాడికి సగం మీసం గొరగాలని! ఆ శిక్ష చెప్పింది నువ్వే కదయ్యా దండపాణీ!"

పలుగులు దబదబా కిందపడ్డాయి. పనివాళ్ళందరికీ మీసాలున్నాయి మరి.

"చేతగాని వెధవల్లారా! తీగ తెగకుండా పాక ఎలా విప్పాలో నేను చూపిస్తాను," అంటూ దండపాణి నిచ్చెన వేసుకుని లచ్చుమమ్మ పాక ఎక్కాడు. తీగ ఎత్తి కిందకి తల దూర్చాడు. బయటికి తియ్యబోతే రాలేదు. ఆముదం మీసం సొరతీగలో మెలికలు పడిపోయింది.

"అమ్మో! కొయ్యండి, కొయ్యండి!"

ఓబులేశు కొడవలి పట్టుకుని నిచ్చెన కింద నిలబడ్డాడు.

"కోస్తాను స్థపతిగారూ. తీగ కోస్తే, కొయ్యమన్న మీకు శిక్షగా సగం మీసం పోతుంది, మీసం కోస్తే ఇక్కడే సగం మీసం పోతుంది. ఏది కొయ్యమంటారు?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తోటంతా నవ్వింది.

"ఏదీ వద్దు! మెల్లగా విప్పండి!"

"విప్పుతాను గానీ, నా పాక సంగతి?" అంది లచ్చుమమ్మ.

"ఉండనీ తల్లీ, ఉండనీ!"

"కాపయ్యాక పీకొచ్చుగా?" అన్నాడు రాజు, కళ్ళు తుడుచుకుంటూ.

"సొర కాపయ్యేసరికి చిక్కుడు ఎక్కిస్తారు ప్రభూ," అన్నాడు ఓబులేశు. " చిక్కుడు అయ్యేసరికి గుమ్మడి."

రాజు మళ్ళీ నవ్వి, తన చేతి కంకణం తీసి ఓబులేశుకి తొడిగాడు. "పాకలుంటాయి. ముప్పై ఒకటో పాక నీది."

లచ్చుమమ్మ ఓపిగ్గా మెలికలన్నీ విప్పి, దండపాణి చేతిలో ఒక లేత సొరకాయ పెట్టింది.

"పులుసు పెట్టించుకో నాయనా. మీసం తడవకుండా తాగు."