ఈగలు తోలే పని

ఇమాంసాకు నిద్ర చాలడం లేదు. చాలక ఎన్నాళ్లయిందో కూడా గుర్తు లేదు.

నల్లమల అడవిలో ఒక వాగు పక్కన నబీసాబు అనే ముసలి ఫకీరు గుడిసె వేసుకుని ఉండేవాడు. దేవుడి సంగతి తెలుసుకోవాలని ఇమాంసా ఇల్లూ మగ్గమూ వదిలి ఆయన దగ్గరికి వచ్చాడు. కొత్తలో ఇద్దరూ వాగు గట్టున కూర్చుని పొద్దువాలేదాకా మాట్లాడుకునేవాళ్లు. తర్వాత ఒక వానాకాలంలో ఫకీరు బండల మీద జారిపడ్డాడు. కాలికి తగిలిన దెబ్బ పుండయింది. ఆ పుండు మానలేదు, ఆయన మళ్లీ నడవలేదు.

అప్పటినుంచి ఇమాంసాకు పని అంతా పురుగులతోనే. తెల్లారేసరికి మంచం కోళ్ల వెంబడి చీమలు పైకి పాకేవి. గోడలకు చెదలు పట్టేది. ఎండెక్కితే జోరీగలు, మబ్బు పడితే కళ్లలో దూరే నుసుములు, పొద్దుగూకితే దోమలు. చెట్ల మీద చిమ్మటలు రొద ఆపేవి కావు. అన్నిటినీ ఓర్చుకోవచ్చు గానీ, ఈగలతోనే భయం. పుండు మీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగు పడుతుంది. అందుకని ముసలాయన కళ్లు మూసినంతసేపూ ఇమాంసా కళ్లు తెరుచుకుని, పక్కన కూర్చుని, కొమ్మతో తోలుతూ ఉండాలి.

ఒకనాటి మధ్యాహ్నం తోలుతూ తోలుతూ కునికాడు. మర్నాడు పొద్దున కాలు కడగబోతే పుండులో తెల్లగా ఏవో కదులుతున్నాయి.

సీతాఫలం ఆకు నూరి, ఆ రసం పుండులో పిండి, పైకి వచ్చిన పురుగుల్ని ఒక్కొక్కటే పుల్లతో తీశాడు. ముసలాయన పళ్లు బిగించి కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. ఎందుకు నిద్రపోయావని ఒక్క మాట అడగలేదు. ఆ అడగకపోవడమే ఇమాంసా భరించలేకపోయాడు.

చేతులు కడుక్కుని వచ్చి గడపలో కూలబడ్డాడు.

"దేవుణ్ణి వెతుక్కుంటా వచ్చినాను బాబా," అన్నాడు. "ఈగలు తోలుకుంటా ఉండిపోయినాను."

ఫకీరు వింటున్నాడు. ఇమాంసా ఆగలేకపోయాడు. నమాజుకు వంగితే నుదురు నేలకానిన చోటే నిద్ర ముంచుకొస్తోందనీ, దువా చేద్దామని చేతులెత్తితే నోట మాట రావడం లేదనీ చెప్పాడు. చివరికి తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు.

"పొద్దున ఆ పురుగుల్ని చూసినప్పుడు, ఈయన పోతే బాగుండు, నేను నిద్రపోతాను అనుకున్నాను."

ఫకీరు ముఖంలో కోపం కనపడలేదు. ఎక్కడికి పోవాలనుకుంటున్నావని మాత్రం అడిగాడు. ఊరికి పోయి మళ్లీ మగ్గం పట్టుకుంటాననీ, కొండ కింద పల్లెలో ఎవరినైనా బతిమాలి తనకు బదులుగా పంపుతాననీ ఇమాంసా చెప్పాడు. ఫకీరు సరేనన్నాడు.

"ఎండ తగ్గినాక పో నాయనా. అంతవరకు ఈ మంచం మీద పండుకో."

ఇమాంసా వద్దన్నాడు. ముసలాయన వినిపించుకోకుండా, చేతులూని ఒళ్లు ఈడ్చుకుంటూ మంచం దిగి నేల మీద కూర్చున్నాడు. వాదించే ఓపిక ఇమాంసాకు లేదు. నడుం వాల్చాడు. ఆ తర్వాత అతనికేమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఎండ ఏటవాలుగా గుడిసె లోపలి దాకా వచ్చింది. ఒళ్లు తేలిగ్గా ఉంది. నిద్రలో ముఖం మీద ఒక్క ఈగ కూడా వాలలేదు. ఎందుకు వాలలేదో కళ్లు తెరిచాక తెలిసింది.

ఫకీరు తలకు చుట్టుకునే గుడ్డ విప్పి, మంచం పట్టెకు ఆనుకుని కూర్చుని, అతని ముఖం మీద విసురుతున్నాడు. కుడిచెయ్యి అలిసిపోయింది. అది లేవనప్పుడల్లా ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని లేపుతున్నాడు. జబ్బు కాలు నేల మీద బారజాపి ఉంది. దాని మీద ఈగలు నల్లగా ముసురుకుని ఉన్నాయి.

ఇమాంసా గబుక్కున కిందికి దిగి వాటిని తోలాడు.

"ఎప్పట్నుంచి ఇట్లా విసురుతాండారు బాబా? చెయ్యి నొయ్యలేదా?"

"నొచ్చింది," అన్నాడు ముసలాయన. "నువ్వు పండుకున్న కొంచేపటికే ఇంక చాల్లే అనిపించింది."

"మరి చాలించలేదేం?"

అందులో అడగడానికేముందన్నట్టు ఫకీరు అతనికేసి చూశాడు.

"నువ్వింకా నిద్రపోతాంటివి కదా."

బయట ఎండ తగ్గింది. ఇమాంసా వాగుకు పోయి కడవ నింపుకొచ్చాడు. ముసలాయన కాలు తీసి తన ఒళ్లో పెట్టుకుని, మెల్లగా కడగసాగాడు.