గొడ్డలి వయసు

సిద్ధలింగాచారి గారికి ఒక అలవాటు ఉండేది. తుప్పు పట్టిన ఇనుప వస్తువు ఏది చేతికొచ్చినా కొన్నాళ్ళపాటు దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పేవారు కాదు. తెచ్చినవాళ్ళు ఎంత గింజుకున్నా "ఇంకా చూడలేదు" అనేవారు. నిజానికి రోజూ చూస్తూనే ఉండేవారు. ఆయన దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకుని, ఆ మాట భరించలేక రెండుసార్లు అలిగి వెళ్ళిపోయి, సిగ్గు లేకుండా రెండుసార్లూ తిరిగొచ్చినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఆచారిగారిది కమ్మరి కుటుంబం. కొలిమి దగ్గర పుట్టి, ఒక మ్యూజియంలో ముప్పై ఏళ్ళు పాత ఇనుమును కాపాడే పని చేసి, చివరికి నిర్మల్ వైపు ఓ చిన్న పట్నంలో స్థిరపడ్డారు. ఆ ఏడు సర్కారు అనుమతితో ఒక బృందం అక్కడి గుట్టల్లో పాతకాలపు ఇనుప బట్టీల జాడలు వెతుకుతూ ఉండేది. నేలలో లోహం ఉంటే కీచుమని మోగే యంత్రం పట్టుకుని తిరిగేవారు. మోగినచోట తవ్వితే మేకులు, కొడవళ్ళు, ఎద్దుల నాడాలు బయటపడేవి. వాటి వయసు తేల్చమని ఆచారిగారికి పంపేవారు. అలా వచ్చినదే ఆ గొడ్డలి.

దాని వెనకే బుచ్చవ్వ కూడా వచ్చింది. ఆమె ఆ తవ్వకంలో కూలికి వచ్చిన మనిషి. గొడ్డలి మట్టిలోంచి తేలినప్పుడు గంప కింద పడేసి అక్కడే కూలబడిపోయిందట. ఆమె భర్త ఓదెలు పందొమ్మిదేళ్ళ కిందట అదే గుట్టకు కట్టెలకని గొడ్డలి పట్టుకుని వెళ్ళి మళ్ళీ రాలేదు. బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల దగ్గర చూశామని ఒకరన్నారు, లేదు, చనిపోయాడన్నారు ఇంకొకరు. దినాలు చేసేద్దామని మరిది పోరుతుంటే ఆమె ఒప్పుకోలేదు. బొట్టు తియ్యలేదు. అలాగని కొత్త గాజులూ వేసుకోలేదు. పేరంటాలకు పిలవాలో వద్దో తెలియక ఊరివాళ్ళు పిలవడమే మానేశారు. ఆ గొడ్డలి ఆయనదేనా కాదా, ఆమెకు కావలసింది అంతే.

రెండుసార్లు బస్సెక్కి వచ్చింది. రెండుసార్లూ ఆచారిగారు "ఇంకా చూడలేదు చెల్లె" అని పంపేశారు. వచ్చిన ప్రతిసారీ అరుగు చివర కూర్చుని చీర కొంగును వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండేది, నీళ్ళిచ్చినా తాగేది కాదు. 

అప్పుడు ఆచారిగారి దగ్గర పని నేర్చుకుంటున్నది హైమవతి అని తెనాలి పిల్ల. చురుకైనది, జాలిగుండె కలది. బుచ్చవ్వ రెండోసారి వెళ్ళిపోయాక ఆ పిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, చూడగానే తెలిసిపోయేదాన్ని చెప్పడానికి ఇంత తాత్సారం ఎందుకండీ? ఆవిడ ప్రాణం పోతోంది కదా!"

ఆచారిగారు తుప్పు వదలడానికి నానబెట్టిన సోడా నీళ్ళలోంచి గొడ్డలి తీసి, కర్ర కామ దూర్చే బెజ్జంలో రాయిలా గట్టిపడిన మట్టిని వెదురు పుల్లతో గీకడం మొదలుపెట్టారు. ఆ పూటకి చిటికెడు రాలింది.

మూడోసారి బుచ్చవ్వ వచ్చేసరికి ఆయన ఇంట్లో లేరు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. హైమవతి ఆమెను చూసింది. ఆ ముఖం చూశాక ఇంకా ఆగడం పాపమనిపించిందని నాతో చెప్పింది. గొడ్డలి తీసి వెలుగులో పట్టుకుంది. పదును దగ్గర తుప్పు పొరలు విడిపోయి, చీల్చిన కట్టెలో కనిపించినట్టు నిలువుగా నారలు కనిపిస్తున్నాయి. మట్టి బట్టీల్లో కాచిన పాతకాలపు ఇనుముకే అలాంటి నారలుంటాయి, ఇప్పటి ఇనుములో కనిపించవు. అందులో అనుమానం లేదు.

"అమ్మా, ఇది రెండొందల ఏళ్ళ నాటిది. మీ ఆయనది కానే కాదు," అంది.

బుచ్చవ్వ ముందు అర్థం కానట్టు చూసింది. "గాదా? నిజంగ గాదా బిడ్డా?" అని నాలుగుసార్లు అడిగింది. తర్వాత హైమవతి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని, ఏడుస్తూ నవ్వుతూ, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది.

గంట తర్వాత ఆచారిగారు వచ్చారు. హైమవతి సంతోషంగా జరిగింది చెప్పింది. ఆయన గొడ్డలి ముందుకు లాక్కుని బెజ్జంలోకి పుల్ల పోనిచ్చారు. తడికి నానిన మట్టి ఈసారి పెళ్ళగా ఊడింది. దాని కింద, తుప్పులో సగం కూరుకుపోయి, పలచటి ఎర్రటి ముక్క ఒకటి బెజ్జం గోడను అంటుకుని ఉంది. ఆయన పుల్లతో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చింది. సైకిలు ట్యూబు. కామ వదులైతే ఊళ్ళలో ట్యూబు ముక్క కోసి చుట్టి బిగించుకోవడం అందరికీ అలవాటే.

"మరి ఆ నారలు?" అంది హైమవతి.

"కొలిమికాడ పాత ఇనుము ఎవడన్న పారేస్తడా బిడ్డా? తాత నాటి నాగలి కర్రును ఎర్రగ కాల్చి గొడ్డలి కొట్టిస్తరు," అని ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నారు.

బుచ్చవ్వ ఊరి బస్సు మూడింటికి. అప్పటికే మూడు కావస్తోంది. ఆటోలో ఆచారిగారు తడిగుడ్డలో చుట్టిన గొడ్డలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బస్సు వెళ్ళిపోయి ఉంటే బాగుండునని ఒక క్షణం, వెళ్ళిపోతే ఎలాగని ఇంకో క్షణం అనుకుంటూ హైమవతి గోళ్ళు కొరుక్కుంది.

బస్సు ఇంకా ఉంది. బుచ్చవ్వ అందులో లేదు. బస్టాండు పక్కన గాజుల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. ఎడమ చేతికి అప్పటికే ఆకుపచ్చ గాజులు పడ్డాయి, గాజులమ్మ కుడి చెయ్యి నొక్కి మొదటి గాజు ఎక్కిస్తోంది. హైమవతిని చూసి బుచ్చవ్వ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి హైమవతి అక్కడే ఆగిపోయింది. ఆచారిగారే దగ్గరికెళ్ళి కూర్చున్నారు.

"చెల్లె, పిల్ల చెప్పింది సగమే. ఇనుము పాతదే. గని బెజ్జంల సైకిలు ట్యూబు ముక్క ఉన్నది. ఈ మధ్య కాలంలనే ఎవరో వాడిన గొడ్డలి ఇది. ఎవలదో నేను చెప్పలేను."

బుచ్చవ్వ నవ్వు వెంటనే పోలేదు. కొంచెంసేపు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"ఎర్రదా, నల్లదా?" అంది.

"ఎర్రది."

"కామ ఊగులాడుతాందంటే నేనే కోసిచ్చిన," అంది ఆమె. "మా తమ్ముని సైకిలుది."

డ్రైవరు హారను కొట్టాడు. గాజులమ్మకు అంతా అర్థమైంది కాబోలు, చెయ్యి వదలకుండానే మెల్లగా అడిగింది, "తియ్యాల్నా అక్కా?"

బుచ్చవ్వ తన చేతుల వైపు చూసుకుంది. "ఉండనియ్యి. ఊరు వచ్చేదాక ఉండనియ్యి," అంది. లేచి, గొడ్డలిని గుడ్డతో సహా అడిగి తీసుకుని బస్సెక్కింది. సర్కారు తవ్వకంలో దొరికింది, ఇవ్వకూడని వస్తువే అది. ఆచారిగారు ఇచ్చేశారు.

తిరుగుదారిలో ఆటో దొరకలేదు. సగం దూరం నడిచాక హైమవతి, తనను తాను ఓదార్చుకోవడానికే కావచ్చు, "నేను అబద్ధమైతే చెప్పలేదు కదండీ. ఆ ఇనుము నిజంగా రెండొందల ఏళ్ళదే," అంది.

ఆచారిగారు నడక ఆపలేదు.

"ఆమె అడిగింది ఇనుము సంగతా బిడ్డా?" అన్నారు.