తంగేడు అనుకున్న పువ్వు

అనగనగా, వాన ముంచుకొస్తున్న ఒక అడవిలో చెంగి అనే కుందేలు ఉండేది పిల్లలూ. దానికి ఒక్కగానొక్క కూన. పేరు బొంత. ఆ రోజు పొద్దున్నుంచీ బొంత ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెరవడం లేదు.

చెంగికి కాలు నిలవలేదు. పొదలోకి వెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ లోపలికెళ్ళింది. చివరికి పక్క గుట్టలో ఉండే ముళ్ళపంది అత్తని పిలుచుకొచ్చింది.

అత్త బొంతని ముట్టుకుని చూసింది. "తంగేడు పూలు నలిపిన నీళ్ళు తాగిద్దాం, చలవ చేస్తుంది. వాగు అవతల ఉన్నాయి. కానీ చూసి తేవాలమ్మా, అక్కడ తంగేడు లాంటివే ఇంకా..."

"పసుపు పూలేగా! నాకు తెలుసత్తా!"

మాట పూర్తికాకముందే చెంగి పరుగు తీసింది. వాగు దాటగానే పసుపు పూలు కనిపించాయి. కాయలతో సహా కొమ్మ కొరుక్కుని వచ్చేసింది. పూలూ గింజలూ అన్నీ కలిపి ఆకుదొప్పలో నలిపి, బొంత నోటి దగ్గర పెట్టింది.

అత్త ఒక్క తోపు తోసింది. దొప్ప ఎగిరి అవతల పడింది.

"ఇది తంగేడు కాదు, కసివింద! ఆ కంపు తెలియడం లేదూ? దీని గింజలు తినే పోయిన ఏడు దుప్పి పిల్ల చచ్చిపోయింది!"

చెంగి బొంతని దగ్గరికి లాక్కుంది. "నా చేత్తో నేనే..." అంటూ ఏడ్చేసింది.

"ఏడవకు. ఇప్పుడైనా విను. కసివింద ఆకు కొస సూదిగా ఉంటుంది. తంగేడులాగే కనిపించే తంటెం అని ఇంకో మొక్క ఉంది, దాని ఆకు కొస గుండ్రమే, కానీ రెమ్మకి మూడు జతలే ఆకులు. కాయ సన్నగా, కొడవలిలా వంగి ఉంటుంది. తంగేడు రెమ్మ నిండా బోలెడు ఆకులు. కాయ వెడల్పుగా, ఎండుటాకులా పలచన. ఇక వెళ్ళు."

ఈసారి ఉరుములు మొదలయ్యాయి. వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి. దాటగానే అవతలి గట్టు మీదే పసుపు పూల మొక్క కనిపించింది. చెంగి నోరు తెరిచింది, ఆగింది. ఆకులు చూసింది. మూడే జతలు.

పైనుంచి కాకి అరిచింది. "అన్నీ పసుపేగా! వాగు పొంగుతోంది, తెంపుకుని పో!"

చెంగి వాగు వైపు చూసింది. అవతల బిడ్డ ఉంది. అయినా ఆ మొక్కని వదిలేసి, మిట్ట మీదికి ఎక్కింది. అక్కడో పెద్ద పొద. ఒళ్ళంతా ఎగిరిపడుతున్నా బలవంతాన కూర్చుంది. ఆకు నలిపి వాసన చూసింది. కంపు లేదు. రెమ్మ నిండా ఆకులు. కాయని పంటితో తడిమింది. పలచనే. అప్పుడు గానీ పూలగుత్తి తెంపలేదు.

తిరిగి దాటేటప్పుడు వాగు మెడ దాకా వచ్చింది. ఒకసారి కాలు జారింది. పూలు మాత్రం తడవనీయలేదు, తల పైకెత్తే ఈదింది.

అత్త ఆ పూలు నలిపి బొంతకి నీళ్ళు తాగించింది. పొద్దు వాలేసరికి బొంత కళ్ళు విప్పి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. చెంగి కూన చెవులు నాకుతూ, వానలో అలాగే కూర్చుండిపోయింది.

నీతి: రంగు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు, ఎంత తొందరలో ఉన్నా ఆగి పోల్చుకోవాలి.