రాజుగారు నడిచే వరస

ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. అందులో పులి, దుప్పులు, ఏనుగులు, అడవిపందులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, తాబేళ్ళు ఉండేవి. మొదట్లో అక్కడ అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. తర్వాత చుట్టుపక్కల చిన్న అడవులు ఎండిపోయాయి. అక్కడి జంతువులన్నీ పిల్లాజెల్లాతో ఇప్పలకోనకే వచ్చిపడ్డాయి. ఏ పొద చూసినా కాపురమే. ఏ కలుగులో తొంగిచూసినా జాగా కోసం తగాదాయే.

అడవి నిండిపోయింది గానీ బాట మాత్రం పెరగలేదు. ఇప్పలకోనకు రెండు వైపులా నిలువు కొండలు. మధ్యలో ఒక్కటే బాట. బాట చివర ఏరు. నీళ్ళు తాగాలంటే అదే దారి. ఎండాకాలంలో కార్చిచ్చు రేగితే ప్రాణాలు దక్కించుకోవాలన్నా అదే దారి. ఇంకో దారి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి పిల్లలూ. ఆ అడవిలో పెద్దలు మరిచిపోయింది సరిగ్గా ఇదే.

ఆ బాట మీద పొద్దునా సాయంత్రం ఏనుగుల బారు నడిచేది. ముందు భద్రమ్మ అనే ముసలి ఏనుగు, వెనక ఆమె కూతుళ్ళు, మనవరాళ్ళు. ముసలివాళ్ళు, కుంటివాళ్ళు, చంటిపిల్లల తల్లులు బాట పక్కన నిలబడితే చాలు. తొండంతో ఎత్తి వీపు మీద కూర్చోబెట్టుకునేవి. ముళ్ళపంది ఎక్కినప్పుడు మాత్రం, "కాస్త ముళ్ళు ముడుచుకో తల్లీ, నా వీపు నాకు కావాలి" అనేది భద్రమ్మ. అందరూ నవ్వుకుంటూ ఏటికి చేరేవారు.

బాటల పెత్తనం కొమ్ములరాయుడు అనే దుప్పిది. అబ్బో, ఆయన ఠీవి ఏం చెప్పమంటారు! తల పైకెత్తి, కొమ్ములు ఊపుకుంటూ నడిచేవాడు. కాళ్ళ కింద ఏముందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఆయనకు చుక్కీ అని ఒక్కగానొక్క కూతురు. లేకలేక పుట్టిన పిల్ల. అదంటే ఆయనకు పంచప్రాణాలు.

కొమ్ములరాయుడికి ఏనుగుల బారంటే ఒళ్ళుమంట. తను రివ్వున పరుగెత్తబోతే ముందు ఏనుగులు అడ్డం. అవి ఎక్కడో ఒకచోట ఆగి ఏ తాబేలునో ఎక్కించుకుంటూ ఉండేవి. ఒకరోజు ఆయన పులిరాజు గుహకు వెళ్ళాడు.

"ప్రభూ, ఈ ఏనుగుల బరువుకే బాటంతా గుంటలు పడుతోంది. వీటిని పంపించేస్తే బాట బాగుపడుతుంది. దేవుడు అందరికీ కాళ్ళిచ్చాడు. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నడుస్తారు" అన్నాడు.

పులిరాజు ఉండేది కొండ మీద. అక్కడ ఆయనకు సొంత ఊట ఉంది. బాట మీదికి ఎప్పుడో గానీ దిగడు. "నీకు తెలియనిదేముంది? అలాగే కానియ్యి" అన్నాడు.

కబురు విని భద్రమ్మ కొమ్ములరాయుడి దగ్గరికి వచ్చింది.

"నాయనా, గుంటలు మా వల్ల పడటం లేదు. వాననీళ్ళు పోవడానికి పక్కన కాలవ లేదు, అందుకని పడుతున్నాయి. రాళ్ళు పోసి, మట్టి కప్పి, మమ్మల్ని తొక్కనీ. మా కాళ్ళ కింద బాట బండలా గట్టిపడుతుంది. రేపు కార్చిచ్చు వస్తే ఈ పిల్లాపీచూ గుంటల్లో పడుతూ లేస్తూ ఏరు ఎలా చేరతారు?"

"అవ్వా, నీకు వయసైపోయింది. ఏటి అవతల మంచి గడ్డి ఉందట. పోయి హాయిగా మేసుకో" అన్నాడు కొమ్ములరాయుడు.

భద్రమ్మ తన వాళ్ళను తీసుకుని ఏరు దాటింది. వస్తామన్నవాళ్ళను వీపు మీద ఎక్కించుకుంది. తాబేళ్ళన్నీ వెళ్ళిపోయాయి. తాబేలు నడకలో నిదానమే గానీ బుద్ధిలో కాదు. మిగతావాళ్ళు మాత్రం ఉన్న చోటు వదల్లేక ఉండిపోయారు.

ఇక చూడండి సంబరం. ఎవరికి వారే యమునా తీరే! ఒక్క ఏనుగు నడిచిన జాగాలో ఇప్పుడు యాభైమంది తోసుకుంటున్నారు. కుందేలు తోకను పంది తొక్కేది. పందిని వెనక నుంచి దున్నపోతు కుమ్మేది. "కళ్ళు కనపడటం లేదా?" అంటే "నీకు కనపడుతున్నాయా?" అని కేకలు. పొద్దున నీళ్ళకు బయల్దేరినవాళ్ళు ఇంటికి చేరేసరికి పొద్దుగుంకేది. అంతలో వానలు పడ్డాయి. గుంటలు గోతులయ్యాయి. ఏనుగులు పోయాయి గానీ గోతులు ఎక్కడికీ పోలేదు.

ఎండాకాలం వచ్చింది. బాట చూడటానికి పులిరాజు వస్తున్నాడని కబురందింది. కొమ్ములరాయుడు హడావిడిగా గునపయ్యను పిలిపించాడు. గునపయ్య అడవిపందుల మేస్త్రీ. ముట్టెతో మట్టి తవ్వడం, పూడ్చడం అతని పని.

"అన్ని గోతులూ రాళ్ళతో పూడ్చాలంటే చాలా రోజులు పడుతుందయ్యా" అన్నాడు గునపయ్య.

"అన్నీ ఎవడు పూడ్చమన్నాడు? రాజుగారు నడిచే వరస ఒక్కటీ గట్టిగా చెయ్యి. మిగతా గోతుల మీద కొమ్మలు పరిచి, ఎండుటాకులు వేసి, పైన మన్ను చల్లించు. చూడ్డానికి చదునుగా ఉండాలి, అంతే."

"ఎవరైనా పడితేనో?"

"రాజుగారు పడకుండా చూడు."

గునపయ్య తలూపాడు. ఇది కొత్తేమీ కాదు. రాజుగారు వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఆ అడవిలో అది ఆనవాయితీ అయిపోయింది.

పులిరాజు వచ్చాడు. కొమ్ములరాయుడు పక్కనే ఉండి, "ఇటు ప్రభూ, ఇటు" అంటూ గట్టి వరస మీదే నడిపించాడు. రాజు అటూ ఇటూ చూశాడు. బాట అద్దంలా ఉంది. "భేష్ రాయుడూ! ఇలాంటి బాట ఏ అడవిలోనూ ఉండదు" అని మెచ్చుకుని కొండెక్కి వెళ్ళిపోయాడు. పైన పటారం, లోన లొటారం అని ఆయనకు చెప్పేదెవరు?

ఒక ముసలి ముళ్ళపంది మాత్రం ఉండబట్టలేక కొమ్ములరాయుడిని అడిగింది. "అయ్యా, గొయ్యి కనిపిస్తే పక్క నుంచి పోతాం. కప్పెట్టిన గోతిని ఎలా తప్పుకోమంటారు?"

"చూసుకుని నడువు" అన్నాడాయన.

చల్లిన మన్ను తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. మిట్టమధ్యాహ్నం వేళ అడవి వెనకవైపు పొగ లేచింది. చూస్తూండగానే కార్చిచ్చు రేగింది. "బాట మీదికి! ఏటికి పదండి!" అని అందరూ అరిచారు. అడవి అడవంతా ఆ ఒక్క బాట మీదికి ఉరికింది.

ముందు పరుగెత్తినవాళ్ళు ముందు పడ్డారు. వెనకవాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. ఎక్కడ నేల ఉందో, ఎక్కడ గొయ్యి ఉందో ఎవరికీ తెలియదు. కొమ్ములరాయుడు చుక్కీని వెంటబెట్టుకుని పరుగెత్తుతున్నాడు. కప్పించింది తనే. కానీ ఏ గొయ్యి ఎక్కడుందో ఆయన ఏనాడైనా చూస్తేగా తెలియడానికి! ఆయన కాళ్ళ పక్కనే కొమ్మలు ఫెళ్ళుమన్నాయి. తిరిగి చూస్తే చుక్కీ లేదు.

"నాన్నా! నాన్నా, కాలు విరిగింది!" గోతిలోంచి చుక్కీ ఏడుస్తోంది.

కొమ్ములరాయుడు గొయ్యి అంచున మోకాళ్ళ మీద పడి కొమ్ములు లోపలికి చాపాడు. "పట్టుకో తల్లీ, పట్టుకో!" అన్నాడు. దుప్పిపిల్ల గిట్టలు కొమ్ములను ఎలా పట్టుకుంటాయి? జారిపోయాయి. మళ్ళీ చాపాడు. మళ్ళీ జారిపోయాయి. ఒక్క తొండం ఉంటే ఆ పిల్ల పైకొచ్చేది.

"భద్రమ్మవ్వా!" అని గొంతు చించుకుని అరిచాడు. "అవ్వా, నా బిడ్డని తియ్యి!"

భద్రమ్మ అప్పటికే ఏరు దాటి ఇవతలి ఒడ్డుకు వచ్చేసింది. పొగ చూడగానే బయల్దేరింది పాపం. కానీ బాట చివర జనం కిటకిటలాడుతున్నారు. ఒక్క అడుగు ముందుకేస్తే కాళ్ళ కింద పిల్లలు నలిగిపోతారు. "జరగండి నాయనా, నన్ను రానివ్వండి" అని బతిమాలింది. జరగడానికి చోటేది? ఆమె అక్కడే నిలబడి, అందినవాళ్ళను అందినట్టు ఎత్తి నీళ్ళ అవతలికి చేర్చింది. ఏడుస్తూనే చేర్చింది.

నిప్పురవ్వలు బాట మీద పడ్డాయి. గోతుల్లో ఉన్నవి ఎండుటాకులు. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో నేను చెప్పను. మీరు చిన్నపిల్లలు. వెనక నుంచి వచ్చిన గుంపు కొమ్ములరాయుడిని తోసుకుంటూ ఏటిదాకా ఈడ్చుకుపోయింది. ఆయన బతికాడు.

మంటలు ఆరాక, నష్టం చూడటానికి పులిరాజు వస్తున్నాడని కబురందింది. గునపయ్య తన పందులతో బాట మీదికి వచ్చాడు. కాలిపోని కొమ్మలు ఏరి తెచ్చి, గోతుల మీద పరచడం మొదలుపెట్టాడు. ఒక గొయ్యి పక్కన కొమ్ములరాయుడు కూర్చుని ఉన్నాడు.

"కాస్త జరగండయ్యా, ఇది కప్పాలి" అన్నాడు గునపయ్య.

"దీన్ని కప్పొద్దు."

"రాజుగారు వస్తున్నారయ్యా. కప్పమని ఎప్పుడూ మీరే కదా చెప్పేది?"

"నేనే చెప్పాను. ఇప్పుడు కప్పొద్దని కూడా నేనే చెప్తున్నాను. అన్నీ తీసెయ్యి."

పులిరాజు వచ్చాడు. గోతులు చూసి నిర్ఘాంతపోయాడు. "ఏమిటిది రాయుడూ? మొన్ననేగా చూశాను! బాట బ్రహ్మాండంగా ఉండేదే!"

"ఎప్పుడూ లేదు ప్రభూ. మీరు నడిచిన వరస ఒక్కటే బాగుండేది. మిగతాదంతా ఆకులతో కప్పించాను."

"నాకెందుకు చూపించలేదు?"

"మీ మెప్పు కోసం" అన్నాడు కొమ్ములరాయుడు.

రాజు ముందుకు వంగి గోతిలోకి చూడబోయాడు. "ఇందులో ఏముంది?"

"నా బిడ్డ ఉంది ప్రభూ."

పులిరాజు తనే స్వయంగా ఏరు దాటి భద్రమ్మను రమ్మని అడిగాడు. భద్రమ్మ మొహమాటపడలేదు. "ముందు కాలవ తవ్వించండి. గోతుల్లో రాళ్ళు పోయించండి. ఇంకమీదట మీరు బాట చూడటానికి చెప్పకుండా రండి. అప్పుడు వస్తాం" అంది. రాజు సరేనన్నాడు.

వానలు రాకముందే రాళ్ళు పోశారు. ఏనుగులు తొక్కాయి. బాట బండలా గట్టిపడింది. పొద్దునా సాయంత్రం మళ్ళీ ఏనుగుల బారు నడిచింది. అవతలి ఒడ్డున పచ్చగా బతికిన తాబేళ్ళు కూడా చుట్టాలను చూడటానికి వచ్చిపోయేవి. అందరూ ఆ బాట మీద నడిచారు. కొమ్ములరాయుడు మాత్రం మళ్ళీ దాని మీద అడుగు పెట్టలేకపోయాడు.

నీతి: నలుగురూ నడిచే బాటను నలుగురి కోసం గట్టిగా వెయ్యాలి. పెద్దల మెప్పు కోసం కప్పిన గొయ్యి కప్పినవాడి బిడ్డనైనా వదలదు.