నూకరాజు దిద్దిన పరమాణువులు

ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే నూకరాజు పనిలో దిట్ట, మాట వినడంలో మాత్రం మహా తొందరమనిషి. ఎదుటివాళ్ళు సగం చెప్పగానే "అర్థమైందిలెండి" అనేవాడు. మిగతా సగం తానే కల్పించుకునేవాడు. బొమ్మల విషయంలో అది చెల్లిపోయింది. ఏనుగుకు తొండం పొట్టిదైతే మాత్రం పిల్లలు ఆడుకోవడం మానేస్తారా?

అతని చెల్లెలి కూతురు గౌతమికి పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి పాసై, ఇంటర్లో సైన్సు గ్రూపే కావాలని పట్టుబట్టింది. చూపులేని పిల్ల సైన్సు ఎలా చదువుతుందని కాలేజీవాళ్ళు సందేహించారు. చివరికి, అడిగినవాటికి సరిగ్గా జవాబు చెబితే మిగిలిన ఒక్క సీటూ ఇస్తామన్నారు.

గౌతమికి పాఠం చెప్పే సుభాషిణి టీచరు నూకరాజు దగ్గరికి వచ్చింది.

"తక్కిన పిల్లలు పరమాణువుల్ని పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకుంటారు. మన పిల్ల తడిమి నేర్చుకోవాలి. లిథియం నుంచి ఫ్లోరిన్ దాకా ఒక వరస చెక్కబంతులు చేసిపెట్టండి. పోతున్నకొద్దీ లోపల కణాలు పెరుగుతాయి. అయినా మొదటిదే అన్నిటికన్నా పెద్దది, చివరిది చిన్నది. ఎందుకంటే..."

"అర్థమైందిలెండి," అన్నాడు నూకరాజు.

"చేశాక నాకోసారి చూపించండి."

"అలాగేనండీ."

బొమ్మలు చెక్కే అంకుడు కర్ర మర మీద తిరుగుతుంటే నూకరాజు బుర్రా తిరిగింది. 'లోపల సరుకు పెరుగుతుంటే పైకి చిన్నదవుతుందా? విడ్డూరం కాకపోతే! పాపం, టీచరమ్మ తడబడినట్టుంది' అనుకున్నాడు. మొదటి బంతిని అన్నిటికన్నా చిన్నగా, చివరిదాన్ని అన్నిటికన్నా పెద్దగా చేసి, లక్క రంగులు పట్టించాడు. అప్పటికి టీచరు ఏదో శిక్షణకని వేరే ఊరు వెళ్ళింది. ఆవిడ వచ్చేదాకా ఆగడం దేనికని బంతుల్ని తిన్నగా గౌతమి ఒళ్ళో పోశాడు.

గౌతమి ఒక్కొక్కటే తడిమింది. "ఎంత నున్నగా ఉన్నాయో మావయ్యా! కానీ లిథియం ఇంత బుల్లిదా? పెద్దదని టీచరు చెప్పినట్టు గుర్తు."

"నువ్వే పొరబడి ఉంటావు. చేతిలో ఉన్నదాన్ని నమ్ముతావా, ఎప్పుడో చెవిన పడ్డదాన్నా?"

గౌతమి చేతిలో ఉన్నదాన్నే నమ్మింది. అన్నం తినేటప్పుడు కూడా ఆ బంతుల్ని వదల్లేదు.

కాలేజీవాళ్ళు పిలిచిన రోజుకీ టీచరు తిరిగి రాలేదు, గౌతమిని నూకరాజే తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు.

"లిథియం పెద్దదా, ఫ్లోరిన్ పెద్దదా?" అని లెక్చరరు అడిగాడు.

"ఫ్లోరిన్ సార్. లోపల కణాలు ఎక్కువ కదా!" గౌతమి టక్కున చెప్పింది.

తరువాతి ప్రశ్నలన్నీ దాని మీదే నడిచాయి. అన్నీ తప్పయ్యాయి.

"తిరగేసి చెప్పావమ్మా," అన్నాడు లెక్చరరు మెల్లగా. "ఒక వరసలో పోతున్నకొద్దీ ఎలక్ట్రాన్లు అదే పొరలో చేరతాయి. నడుమనున్న కేంద్రకానికి మాత్రం బలం పెరిగి, వాటిని దగ్గరికి లాక్కుంటుంది. అందుకే పరమాణువు చిన్నదవుతుంది. కింది వరసకు దిగితే కొత్త పొర వస్తుంది, అప్పుడు పెద్దదవుతుంది."

నూకరాజు ఇక గుమ్మం దగ్గర ఆగలేకపోయాడు. లోపలికి పరుగెత్తి, "తప్పు పిల్లది కాదు బాబూ, నాది!" అన్నాడు.

"అయ్యుండొచ్చు. కానీ మేం అడిగింది ఈ అమ్మాయిని కదా," అన్నాడు లెక్చరరు. ఆ సీటు వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది.

 తిరుగు బస్సులో నూకరాజు ఉండబట్టలేక గౌతమి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "కొత్త బంతులు చేస్తానమ్మా. ఈసారి టీచరు పక్కన కూర్చుని చేస్తాను."

"చెయ్యి మావయ్యా. వచ్చే ఏడు మళ్ళీ వెళ్తాను," అంది గౌతమి. "నాకు కళ్ళు లేవు, అందుకని నీ చేతుల్ని నమ్మాను. నీకు చెవులున్నాయి కదా, టీచరు మాట ఎందుకు వినలేదు?"



నీతి: చెప్పేవాళ్ళ మాట చివరిదాకా వినకుండా సొంత తెలివితో దిద్దితే, ఆ తప్పు మనల్ని నమ్మినవాళ్ళ నెత్తిన పడుతుంది.