మసేనమ్మ మాట, బండియ్య పడవ

అనగా అనగా, తీపినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే ఒక రేవు. పైన సరస్సు, నడుమ ఏరు, కింద సముద్రం. ఆ రేవులో బండియ్య అనే జాలరి ఉండేవాడు. వల విసరడంలో అతనికి సాటి లేరు. గుణం ఒక్కటే వంకర. చేపలు ఎక్కడ పడ్డాయని ఎవరడిగినా, తూర్పున పట్టి పడమర అని చెప్పేవాడు.

ఒక ఏడు మార్గశిరంలోనే చలి ముదిరింది. చేపలు ఎక్కడివక్కడ అణిగిపోయాయి. ఊళ్లో చేపలపులుసు వాసన తగిలి పదిరోజులైంది. ఒక్క మసేనమ్మ బుట్ట మాత్రం నిండేది. భర్త పోయాక అతని దోనెను తానే నడుపుకుంటున్న మనిషి ఆమె.

"ఎక్కడివమ్మా ఈ కొర్రమేనులు?" అని అడిగాడు బండియ్య.

"సరస్సు నడుమ లోతు గుంట ఉంది కదన్నా, అందులోవి. చలికి అడుగున చేరాయి."

బండియ్య లోలోపల నవ్వుకున్నాడు. 'లోతు అందంటే మెరకలోనే ఉన్నాయన్నమాట!' పొద్దంతా మెరకలో వల విసిరాడు. నాచు తప్ప ఏమీ పడలేదు.

నాలుగు రోజులకు ఆమె బుట్టలో బొంతచేపలు తళతళలాడాయి. బండియ్య మళ్లీ అడిగాడు.

"ఏటిలో, ఎండ తగిలే ఒడ్డున. పొద్దెక్కాక వెయ్యన్నా."

అతను తెల్లవారకముందే నీడ ఒడ్డుకు పోయాడు. వేళ్లు కొంకర్లు పోయాయి గానీ వల తేలిగ్గానే వచ్చింది.

"జిత్తులమారిది!" అని ఇంటికొచ్చి విసుక్కున్నాడు.

గంజి పోస్తూ భార్య అంది: "ఆమె చెప్పినచోట నువ్వు వల వేసిందెప్పుడు?"

బండియ్య గంజి తాగేసి, వల భుజాన వేసుకుని లేచాడు.

ఇక ఏటినీ సరస్సునీ వదిలి సముద్రం మీదికి పోయాడు. తిరిగి వచ్చేసరికి మంచు కమ్మేసింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చెయ్యి చాస్తే చెయ్యి కనిపించడం లేదు. ఒడ్డున వల సర్దుకుంటున్న మసేనమ్మకు తెడ్డు చప్పుడు వినిపించింది.

"ఎవరది?"

"నేను, బండియ్యను!"

"ఎడమకు రాకన్నా! నిన్నటి పోటుకు ఇసుక మేట వేసింది. కుడికి తిప్పు!"

బండియ్య తెడ్డు ఆపాడు. ఆమె చోట తానుంటే ఏమి చెప్పేవాడు? తోవ సరిగ్గా చెప్పేవాడా? చెప్పడు. అది అతనికి బాగా తెలుసు. పడవను ఎడమకే తిప్పాడు.

మేటకు కొట్టుకుని పడవ నడుముకు విరిగింది. చన్నీళ్లు గుండెను పట్టేశాయి. పడవ విరిగిన చప్పుడు వినగానే మసేనమ్మ దోనె వేసుకొచ్చి, జుట్టు పట్టి లాగి, ఒడ్డుకు చేర్చింది.

మంట దగ్గర వణుకుతూ అడిగాడు: "మూడుసార్లూ నాకు నిజమే ఎందుకు చెప్పావు చెల్లీ?"

"అడిగావు, చెప్పాను. అందులో ఏముందన్నా?" అంటూ ఆమె మంటలోకి మరో పుల్ల తోసింది.

బండియ్య తల దించుకున్నాడు. ఆ చలికాలమంతా ఆమె దోనెలోనే తెడ్డు వేశాడు. ఆమె చూపినచోటే వల విసిరాడు. రెండిళ్లలోనూ పులుసు కాగింది.

తన నోట నిజం లేనివాడికి ఎదుటివారి నోట నిజం వినబడదు.